కంప్యూటరు ఆటలు - కంటికి కనిపించని అంగడి

ఏ వస్తువునైనను కొనవలసి వచ్చినప్పుడు చేతితో పట్టి చూచి, ముందువెనుకలు త్రిప్పి, బేరమాడి కొనుట మన ఇండ్లలో తరతరాలుగా వచ్చుచున్న అలవాటు. చీర కొనునప్పుడు అంచు చూతుము. కుండ కొనునప్పుడు వ్రేలితో తట్టి చూతుము. బియ్యమును అరచేతిలో పోసికొని నూకలెన్ని ఉన్నవో చూతుము. ఇంత జాగ్రత్త గల మనుష్యులే నేడు రూపము లేనిది, బరువు లేనిది, బీరువాలో దాచుకొనుటకు వీలులేనిది అయిన సరకును రొక్కమిచ్చి కొనుచున్నారు. కంప్యూటరు మీద ఆడుకొను ఆటలు అట్టి సరకులలో ముఖ్యమైనవి. వానిని అమ్ము అంగళ్ళకు వీధి లేదు, గడప లేదు, గుమాస్తా లేడు. ఇంటర్నెట్టు ద్వారా కంప్యూటరు తెరమీదనే అంగడి తెరచుకొనును. అక్కడనే వెల చెల్లింతుము. అక్కడినుండియే ఆట మన యంత్రములోనికి దిగివచ్చును. ఇట్టి అంగళ్ళలో పెద్దదైన స్టీమ్ అను దానిలో 2025 మార్చిలో ఒకే సమయమున 4 కోట్లకు పైగా జనులు ప్రవేశించి యుండిరి.

ఇంతమంది అచటికి ఎందులకు పోవుచున్నారు? చౌకగా దొరకుట చేతననియు, ఇల్లు కదలకుండ పని జరుగుట చేతననియు సాధారణముగా చెప్పుదురు. ఇవి నిజమే కాని పూర్తి సమాధానము కాదు. ఆ సమాధానము తెలియవలెనన్న ఈ అంగళ్ళు పుట్టకముందు ఆటలు కొనువారి అవస్థ ఎట్లుండెనో కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఇరువది, ముప్పది యేండ్ల క్రిందట కంప్యూటరు ఆట అట్టపెట్టెలో వచ్చెడిది. పెట్టెలో డిస్కులు, ఒక చిన్న పుస్తకము, ఒక సంకేత సంఖ్య ఉండెడివి. 1998లో వెలువడిన బాల్డర్స్ గేట్ అను ప్రసిద్ధమైన ఆట 5 డిస్కులలో వచ్చినది. ఒక డిస్కు మీద గీత పడినచో ఆట ఆగిపోవును. సంకేత సంఖ్య వ్రాసియున్న కాగితము పోయినచో, వెల పెట్టి కొన్న ఆటయే మరల యంత్రములోనికి ఎక్కదు. ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఆట విడుదలయైన తరువాత అందులోని తప్పులను సవరించుచు తయారుదారులు దిద్దుబాట్లు పంపుచుందురు. వానిని ఎవరికి వారు వెదకి తెచ్చుకొనవలెను. పదిమంది కలసి ఆడు ఆటలో ఒకని దిద్దుబాటు పాతది, మరియొకనిది క్రొత్తది అయినచో ఇరువురును కలసి ఆడుటకు వీలుపడదు.

మన తెలుగు పట్టణములలో స్థితి మరింత కష్టముగా ఉండెను. అసలు పెట్టెలు దొరకుటయే అరుదు; దొరికినను మధ్యతరగతి కుటుంబమునకు అందు వెల కాదు. కాలిబాటల మీద చౌకగా అమ్ము నకలు డిస్కులే పిల్లలకు తెలిసిన ఆటలు. నెట్ సెంటర్లలో గంటకింత అని చెల్లించి, వరుసగా అమర్చిన కంప్యూటర్ల ముందు కూర్చుండి కౌంటర్-స్ట్రైక్ ఆడిన యువకులు నేడు నడివయస్సునకు వచ్చియున్నారు. వారిలో పెక్కుమంది ఆటను కొనుట అను మాటనే ఆనాడు విని యుండరు. అట్టివారే నేడు వెల చెల్లించి ఆటలు కొనుచున్నారనగా నడుమ ఏదో గొప్ప మార్పు జరిగియుండవలెను.

ఆ మార్పు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమునందలి వాల్వ్ అను సంస్థలో ప్రారంభమైనది. మైక్రోసాఫ్టులో పనిచేసిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ అనువారు 1996లో దానిని స్థాపించిరి. 1998లో వారి తొలి ఆట హాఫ్-లైఫ్ వెలువడినది. దానిని సవరించి కొందరు ఔత్సాహికులు చేసినదే కౌంటర్-స్ట్రైక్. దానిని లక్షలాది జనులు ఇంటర్నెట్టు మీద ఆడసాగిరి. దిద్దుబాటు వెలువడినప్పుడు ఆడువారిలో పెక్కుమంది వెనుకబడి, ఆట అస్తవ్యస్తమయ్యెడిది. ఈ చిక్కును తీర్చుటకై 2003 సెప్టెంబరు 12న వాల్వ్ స్టీమ్ అను సాధనమును విడుదల చేసినది. అనగా స్టీమ్ మొదట అంగడిగా పుట్టలేదు. మరమ్మతు చేయు పనివానిగా పుట్టినది. ఈ విషయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. తరువాతి కథకంతకును మూలము ఇందులోనే ఉన్నది.

ప్రారంభమున దానిని ఎవరును మెచ్చలేదు. 2004 నవంబరులో హాఫ్-లైఫ్ 2 వెలువడినప్పుడు, అంగడిలో పెట్టె కొన్నవారు సైతము స్టీమ్ ద్వారా అనుమతి పొందిననే గాని ఆడరాదను నియమము పెట్టిరి. మొదటి దినములలో ఆ ఒత్తిడికి వాల్వ్ వారి సర్వర్లు తట్టుకొనలేకపోయినవి. డబ్బు చెల్లించి డిస్కులు చేతిలో ఉంచుకొని, అనుమతి కొరకు కాచుకొని కూర్చున్నవారు కోపించుట సహజమే. 2005లో ఇతరుల ఆటలను కూడ అమ్ముట ప్రారంభమైనది. ఆ కోపము క్రమముగా చల్లారి, కొన్ని సంవత్సరములలో అదే జనులు ఆ అంగడికి అలవాటుపడిరి. ఎట్లు?

మొదటి కారణము పోషణభారము తొలగుట. కొన్న ఆట ఒక ఖాతాలో నమోదగును. కంప్యూటరు చెడిపోయినను, క్రొత్తది కొన్నను, ఊరు మారినను, ఖాతాలో ప్రవేశించి ఆ ఆటను మరల దింపుకొనవచ్చును. దానికి మరల వెల లేదు. దిద్దుబాట్లు మనము అడుగకుండనే వచ్చి చేరును. 2008 నుండి, ఆటలో మనము ఎంతవరకు వచ్చితిమో ఆ గుర్తును కూడ దాచు ఏర్పాటు కలిగినది. హైదరాబాదులో సగము ఆడిన ఆటను, సెలవులకు విజయవాడ వెళ్ళినప్పుడు అక్కడి కంప్యూటరులో మిగిలిన సగము ఆడుకొనవచ్చును. వస్తువును అమ్మి చేతులు దులుపుకొనక, దానిని ఏండ్ల తరబడి కాపాడు అంగడి ఇంతకుముందు ఈ వ్యాపారమున లేదు.

రెండవ కారణము ఆటల పరిమాణము. ఇందాక చెప్పిన బాల్డర్స్ గేట్ వరుసలోని మూడవ ఆట 2023లో వెలువడినది. దానికి 150 జీబీ స్థలము కావలెను. ఒక డీవీడీ పట్టునది 4.7 జీబీ. ఈ లెక్కన ఆ ఒక్క ఆటకు 30కి పైగా డీవీడీలు వలయును. నేటి కంప్యూటర్లలో పెక్కింటికి డిస్కు పెట్టు అరయే లేదు. మన దేశములో 2016 తరువాత ఇంటర్నెట్టు చౌకగా లభించుటతో, పెట్టె కొరకు నగరమంతయు తిరుగు అవసరము పోయినది.

మూడవది వెల. అచ్చువేయుట, పెట్టెలో అమర్చుట, లారీలో పంపుట, అమ్ముడుపోని సరకును వెనుకకు తెచ్చుకొనుట అను ఖర్చులు ఈ అంగడికి లేవు. కనుక విడుదలయై రెండు మూడేండ్లయిన ఆటను సగము వెలకో, పావు వెలకో అమ్మినను తయారుదారునకు నష్టము లేదు. వేసవిలో ఒకసారి, శీతకాలమున ఒకసారి వచ్చు తగ్గింపు అమ్మకములు ఆటలాడువారికి ఆషాఢమాసపు వస్త్ర దుకాణముల సందడి వంటివి. 2015లో స్టీమ్ రూపాయలలో వెలలు చూపసాగినది. అంతవరకు డాలర్లలో చెల్లింపవలసి వచ్చినందున, విదేశీ చెల్లింపులకు పనికివచ్చు కార్డు లేని విద్యార్థి ఆ అంగడి గడప తొక్కలేకపోయెడివాడు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. చౌకగా వచ్చెనని కొని, ఒక్కసారియైనను తెరువని ఆటలు పెక్కుమంది ఖాతాలలో పేరుకొని యున్నవి. అవసరము లేని సరకు పావు వెలకు కొన్నను అది పొదుపు కాదు.

నాల్గవది నమ్మకము. 2013 నుండి కొన్నవారే తమ అభిప్రాయమును ఆట ప్రక్కనే వ్రాయు ఏర్పాటున్నది. వ్రాసినవాడు ఆ ఆటను ఎన్ని గంటలు ఆడెనో కూడ అందులో కనిపించును. కావున పది నిమిషములు ఆడి తిట్టినవాని మాటకును, నూరు గంటలు ఆడి మెచ్చినవాని మాటకును విలువ ఎంతయో చదువరియే నిర్ణయించుకొనవచ్చును. 2015 జూన్ నుండి, కొన్న 14 దినములలోపల, 2 గంటలకు మించి ఆడకున్నచో, ఆటను వాపసు చేసి డబ్బు తిరిగి పొందు నియమము వచ్చినది. అప్పటికే ఈ విషయమున వాల్వ్ మీద వివాదము నడచుచుండెను. ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ 2014లోనే న్యాయస్థానమును ఆశ్రయించినది. వినియోగదారుల హక్కులను గూర్చి తప్పుడు మాటలు చెప్పినందులకు 2016లో అక్కడి ఫెడరల్ న్యాయస్థానము 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించినది. అంగడివాని మంచితనము ఎంతయున్నను, దాని వెనుక చట్టము కూడ ఉండవలెనని దీనివలన తెలియుచున్నది.

ఈ నాలుగు కారణములలో వెలయే ప్రధానమని తోచవచ్చును. కాని అది ప్రధానము కాదని నిరూపించు ఒక నిదర్శనము కలదు. 2018 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ అను మరియొక అమెరికా సంస్థ పోటీ అంగడి తెరచినది. అటుపిమ్మట ఉచితముగా ఆటలు పంచిపెట్టుట ప్రారంభించి, కొన్ని పెద్ద ఆటలను కొంతకాలము తన యొద్దనే దొరకునట్లు ఒప్పందములు చేసికొన్నది. అయినను స్టీమ్ అలవాటైనవారిలో ఎక్కువమంది తమ అంగడిని వీడలేదు. ఎపిక్ అంగడిలో నాలుగు ఆటలను ఒకేసారి కొనుటకు వలయు బుట్ట సైతము 2021 డిసెంబరు వరకు లేదు. ఉచితముగా ఇచ్చినదానిని పుచ్చుకొని, డబ్బు పెట్టి కొనవలసినదానిని పాత అంగడిలోనే కొన్నవారు ఎందరో. స్నేహితులు అక్కడ ఉన్నారు. ఇంతకుముందు కొన్న ఆటలన్నియు అక్కడ ఉన్నవి. ఏది ఎక్కడ దొరకునో అక్కడ తెలియును. ఇది చౌకదనము కాదు, అలవాటైన సేవ.

నకలు డిస్కుల మాటకును ఇదియే సమాధానము. దొంగ నకళ్ళు వెల కారణముగా కంటె సేవాలోపము కారణముగానే వ్యాపించునని గేబ్ న్యూవెల్ 2011లో చెప్పి, రష్యాను ఉదాహరణగా చూపినాడు. అక్కడ నకలు చేయువారు ఆటలను రష్యను భాషలోనికి మార్చి వెంటనే అందించుచుండగా, అసలు తయారుదారులు నెలల తరబడి ఆలస్యము చేయుచుండిరి. ఇట్టి అనుభవమే పోలెండులో మరింత ముందుగా కలిగినది. వార్సాలో 1994లో ప్రారంభమైన సీడీ ప్రాజెక్ట్ అను సంస్థ, బాల్డర్స్ గేట్ ఆటను పోలిష్ భాషలోనికి మార్చి, ఆ దేశమున పేరుగల నటుల చేత మాటలు పలికించి, పెట్టెలో పటము మొదలగునవి చేర్చి, 1999లో విక్రయించినది. నకలు డిస్కులకు అలవాటుపడిన జనులు ఆ పెట్టెను ఆదరముతో కొనిరి. అనగా దొంగసొత్తు కంటె న్యాయమైన సొత్తు సులభముగా, నాణ్యముగా దొరకినచో సామాన్యుడు న్యాయమార్గమునే కోరుకొనును. ఇది మనుష్యస్వభావమును గూర్చి కొంత ధైర్యము కలిగించు సంగతి.

ఆటలు తయారుచేయువారికి కూడ ఈ అంగడి తలుపు తెరచినది. పూర్వము పెద్ద ప్రచురణ సంస్థ పూనుకొన్నగాని ఆట అంగడికి చేరెడిది కాదు. 2017 నుండి స్టీమ్‌లో ఒక్కొక్క ఆటకు 100 డాలర్ల రుసుము చెల్లించి ఎవరైనను అమ్మకమునకు పెట్టవచ్చును. ఎరిక్ బరోన్ అను ఒకేయొక వ్యక్తి నాలుగేండ్లకు పైగా శ్రమించి చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ అను వ్యవసాయపు ఆట 2016లో వెలువడి, 2024 డిసెంబరు నాటికి 4 కోట్ల 10 లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. అందులో 2 కోట్ల 60 లక్షలు కంప్యూటరు మీద కొన్నవే. అయితే అందరికిని ఈ అదృష్టము పట్టదు. 2024లో స్టీమ్‌లో 18 వేలకు పైగా క్రొత్త ఆటలు వచ్చినవి. ఆ సంతలో చిన్నవాని గొంతు వినబడుట కష్టము. వచ్చిన ఆదాయములో సాధారణముగా నూటికి 30 వంతులు స్టీమ్ పుచ్చుకొనును. ఎపిక్ తన అంగడిని తెరచినప్పుడు 12 వంతులే చాలునని ప్రకటించినది. కొనువానికి ఈ తేడా తెరమీద కనిపించదు కాని, తయారుచేయువాని కుటుంబమునకు ఇది సామాన్యమైన తేడా కాదు.

ఇంతవరకు మనము పొందినదానిని లెక్కించితిమి. ఇక ఇచ్చినదేమో చూడవలెను.

మన పల్లెలలో పట్టా భూమికిని, కౌలు భూమికిని భేదము తెలియని రైతు లేడు. రెండింటిలోను దున్నును, విత్తును, కోయును. పంట చూచి ఏది పట్టాయో, ఏది కౌలో చెప్పుట సాధ్యము కాదు. కాని అమ్మవలసి వచ్చినప్పుడును, బిడ్డలకు పంచవలసి వచ్చినప్పుడును భేదము బయటపడును. డిజిటల్ అంగడిలో మనకు లభించునది పట్టా కాదు. అనుభవించుటకు అనుమతి మాత్రమే. పెట్టెలోని ఆటను స్నేహితునకు ఎరువు ఇచ్చెడివారము, పాతబడినచో అమ్మెడివారము. ఖాతాలోని ఆటను అమ్మరాదు. ఆ ఖాతానే మరియొకరికి బదిలీ చేయరాదని స్టీమ్ ఒప్పందములో ఉన్నది. తండ్రి పుస్తకములు కుమారునకు వచ్చినట్లు తండ్రి ఆటలు కుమారునకు రావు.

ఇది కాగితము మీది భేదము మాత్రమే కాదు. యూబీసాఫ్ట్ అను ఫ్రెంచి సంస్థ 2014లో ది క్రూ అను కారు పందెముల ఆటను వెలువరించినది. దానిని ఒంటరిగా ఆడుటకు కూడ ఆ సంస్థ సర్వరుతో సంబంధము కావలెను. 2024 మార్చి 31న ఆ సంస్థ సర్వర్లను నిలిపివేసినది. ఆ దినముతో, డబ్బిచ్చి కొన్నవారందరి యొద్దను ఆ ఆట పనికిరానిదయ్యెను. డిస్కు చేతిలో ఉన్నవారికి కూడ అదే గతి పట్టినది. ఈ సంఘటన మీద పుట్టిన ఆందోళన ఐరోపాలో బలపడి, అమ్మిన ఆటను ఆడుటకు వీలులేకుండ చేయరాదను విజ్ఞప్తి మీద 2025లో 10 లక్షలకు మించి సంతకములు చేరినవి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక శాసనము చేసి, 2025 జనవరి 1 నుండి అమలుపరచినది. డిజిటల్ సరకును "కొనుడు" అని పిలిచి అమ్మువారు, కొనువానికి దక్కునది అనుమతి మాత్రమేనని స్పష్టముగా చెప్పవలెనని దాని సారాంశము. శాశ్వతముగా దింపుకొని దాచుకొనుటకు వీలున్న సరకునకు ఈ నియమము వర్తింపదు. ఈ మినహాయింపును గమనింపవలెను. దాచుకొనగలిగినదియే నిజముగా కొన్నదని శాసనమే ఒప్పుకొనుచున్నది.

అట్లు దాచుకొననిచ్చు అంగడియు ఉన్నది. ఇందాక చెప్పిన పోలెండు సంస్థయే 2008లో జీఓజీ అను అంగడిని ప్రారంభించినది. అచట కొన్న ఆటను పూర్తిగా దింపుకొని వేరొక డిస్కులో భద్రపరచుకొనవచ్చును. తరువాత ఆడుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. పాత ఆటలు క్రొత్త యంత్రముల మీద నడుచునట్లు కాపాడు కార్యక్రమమును ఆ అంగడి 2024 నవంబరులో 100 ఆటలతో చేపట్టినది. ఒకే ఆట రెండు అంగళ్ళలోను దొరకినప్పుడు, సౌకర్యము ముఖ్యమా, స్వామ్యము ముఖ్యమా అని ఆలోచించి ఎన్నుకొను అవకాశము కొనువానికి కలదు.

ఇంటి పెద్దలు గమనింపవలసిన సంగతులు రెండు మూడు కలవు. పిల్లలు కొన్న ఆటలన్నియు ఒకే ఖాతా మీద ఆధారపడి యుండును గనుక ఆ ఖాతా తాళపుచెవి వంటి రహస్యపదమును ఎవరికిని చెప్పరాదు; ఫోను ద్వారా ధ్రువపరచు రెండవ కాపలాను తప్పక ఏర్పరచుకొనవలెను. 2024 నుండి స్టీమ్‌లో ఒకే ఇంటివారు ఆరుగురి వరకు తమ ఆటలను పంచుకొను సదుపాయము కలదు. పిల్లలు ఎంతసేపు ఆడవలెనో పెద్దలు నిర్ణయింపవచ్చును. పిల్లవాడు కోరిన ఆటకు పెద్దలే వెల చెల్లింపవచ్చును. అయితే పంచుకొన్న ఆటలో ఒకడు మోసము చేసి నిషేధమునకు గురియైనచో, ఆ ఆట సొంతదారునకు కూడ నిషేధము తగులును. కనుక ఎవరితో పంచుకొనుచున్నామో తెలిసి పంచుకొనుట మంచిది. ఇక కొనుటకు ముందు, ఈ ఆట ఇంటర్నెట్టు లేకుండ నడచునా, నడువదా అని ఒక్కసారి చదివి చూడవలెను. ఆ ఒక్క వాక్యమే, కొన్నది ఎన్నాళ్ళుండునో చాలవరకు చెప్పును.

జనులు ఈ కనిపించని అంగడికి పోవుట సోమరితనము చేతనో, చౌకబేరము మీది ఆశ చేతనో కాదు. విరిగినదానిని బాగుచేసి, పోయినదానిని తిరిగి ఇచ్చి, స్నేహితులను ఒకచోట చేర్చి, నచ్చనిదానిని వాపసు పుచ్చుకొను సేవ కొరకు పోవుచున్నారు. ఆ సేవ నిజమైనది. దానికి వెల చెల్లించుట న్యాయమైనది. కాని ఆ సేవ సాగినంతకాలమే మన సొత్తు మనది. కావున అంగడివారి సౌజన్యము మీదనే భారము వేయక, అమ్మినది ఏమిటో స్పష్టముగా చెప్పుమనియు, అమ్మిన తరువాత దానిని నిరుపయోగము చేయవద్దనియు అడుగుట కొనువాని హక్కు. కుండను తట్టి చూచి కొను మన పెద్దల జాగ్రత్త, చేతికందని సరకు విషయమున మరింత అవసరము.